ఆ బోల్టు ఎలా వచ్చింది?

గుంటూరు

చిరంజీవికి ఆశీస్సులు.

పత్రికకని నువ్వు రాసి పంపిన పద్నాలుగు పేజీలూ మొన్న రాత్రి ఒకసారి, నిన్న పొద్దున్నే మరోసారి చదివాను. మొదటి పేజీలోనే ఒళ్లు మండింది. అమెరికాలో, ఇల్లినాయిలో ఎవరో రైతు కొట్టం వెనక చెట్ల మధ్య పడి ఉన్న కేటర్‌పిల్లర్ డీ2ని కొని, ట్రైలర్ మీద ఇంటికి తెచ్చుకుని బాగు చేసుకుంటున్నవాడివి, దాన్ని 'పురాతన భూసమీకరణ యంత్రం' అంటావేమిటి? మీ ఇంట్లో ఎవరైనా దాన్ని అలా పిలిచారా? బుల్డోజర్ అను. మా పక్క ఆపరేటర్లు డోజర్ అంటారు, ఆ మాటా బాగుంటుంది. పానాని పానా అను, గ్రీజుని గ్రీజు అను. నీ చేతికి తెలిసిన మాట ఉండగా నిఘంటువులోంచి అరువు తెచ్చుకోకు.

అసలు కోపం ఆరో పేజీ దగ్గర వచ్చింది. 'ఎన్నో కష్టనష్టాలకోర్చి చివరికి ఇంజన్‌కి ప్రాణం పోశాను' అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నావు. ఆ వెంటనే మూడు పేజీల పాటు మీ నాన్నగారి మౌనాన్ని తుప్పుతో పోల్చావు. ఆయన మీద నీ ప్రేమని నేను శంకించను. కానీ నాలుగు నెలల పనిని ఒక్క వాక్యంలో పాతిపెట్టావు, నేను చదవాలనుకున్నది ఆ నాలుగు నెలలే.

మా మేనమామ సాగర్ కాలువ పనుల్లో అలాంటి పాత డోజర్ మీద హెల్పరుగా చేశాడు. అది స్టార్ట్ అవడం పదేళ్ల వయసులో కళ్లారా చూశాను. దానికి రెండు ఇంజన్లు. పెద్దది డీజిల్‌ది. దాన్ని లేపడానికి పక్కనే రెండు సిలిండర్ల చిన్న పెట్రోలు ఇంజన్ ఉంటుంది, పోనీ మోటార్ అంటారు. ముందు ఆ చిన్నదాన్ని చేత్తో తిప్పి లేపాలి. దాని పొగగొట్టం పెద్ద ఇంజన్‌కి గాలి వెళ్లే దారిలోంచి పోతుంది, రెంటిలో తిరిగే నీళ్లూ ఒకటే. అంటే చిన్నది నడుస్తున్నంతసేపూ పెద్దదాన్ని వెచ్చబెడుతుంది. తర్వాత కంప్రెషన్ లేకుండా, అంటే సిలిండర్లలో గాలి నొక్కుకోకుండా, లివర్ పెట్టి, క్లచ్ కలిపి, పెద్ద ఇంజన్‌ని కాసేపు ఊరికే తిరగనిస్తారు. ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచాక కంప్రెషన్ ఇచ్చి డీజిల్ వదులుతారు. ముందు తెల్లపొగ, ఒకటి రెండు దగ్గులు, ఆ తర్వాత కాళ్ల కింద నేల అదురుతుంది. మామయ్య ముల్లు మీంచి చూపు తిప్పేవాడు కాదు. నువ్వూ ఇదంతా నీ చేతులతో చేశావు, మరి కాగితం మీద ఎందుకు లేదు?

నీకు రాయడం చేతకాదని అనను. పదో పేజీలో బిగుసుకుపోయిన సిలిండర్లలో ఎసిటోన్, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కలిపి పోసి మూడు వారాలు నానబెట్టడం, ఒక రాత్రి ఇంజన్ చివర ఉండే బరువైన చక్రం, ఆ ఫ్లైవీల్ కదిలితే నువ్వు ఊళ్లో ఉన్న అమ్మకి ఫోన్ చేయడం చదివి కాగితాలు పక్కన పెట్టి కూర్చున్నాను. 'అక్కడ అర్ధరాత్రి కదరా' అని, ఒక్క క్షణం ఆగి, 'ఎంత కదిలింది?' అని అడిగింది చూడు ఆవిడ! ఆ ప్రశ్న ఎక్కడా తప్పిపోకుండా రాశావు. మిగతా పేజీలన్నిటినీ అమ్మ అడిగినట్టు అడుగు. ఎంత? ఎన్ని రోజులు? ఎంతకి కొన్నావు? డబ్బు సంగతి రాయడానికి ఎందుకంత మొహమాటం?

నా సంగతి ఒకటి చెప్తాను. 1979లో నా రెండో కథ మామయ్య మీద రాశాను. తుప్పు పట్టి కదలని బోల్టుని ఆయన ముందు బ్లో ల్యాంపుతో కాల్చేవాడు. వేడిగా ఉండగానే కొవ్వొత్తి ఆనిస్తే మైనం కరిగి మరల్లోకి పీల్చుకునేది. అప్పుడు కూడా ఒక్కసారిగా విప్పేవాడు కాదు. ముందు కొంచెం బిగించేవాడు. తుప్పు పట్టు వదిలిందని చేతికి తెలిశాకే వెనక్కి తిప్పేవాడు. ఇదంతా పేజీన్నర రాశాను. ఆ పత్రిక ఎడిటరు 'పనిముట్ల గొడవ తగ్గించండి, అనుభూతి పెంచండి' అని ఎర్రసిరాతో రాసి తిప్పి పంపాడు. అచ్చు కావాలన్న ఆశతో పేజీన్నరా కొట్టేశాను. కథ వచ్చింది. మామయ్యకి చదువు రాదు, పక్కన కూర్చుని చదివి వినిపించాను. అంతా విని, 'బాగుందిరా. మరి ఆ బోల్టు ఎలా వచ్చింది?' అన్నాడు.

నలభై ఏళ్లు దాటినా ఆ మాట నన్ను వదల్లేదు. ఆ ఎడిటరు తర్వాత ఎందరో వచ్చారు, అందరిదీ అదే పాట. ప్రతీకలున్న కథలకి బహుమతులిచ్చారు. మన కథల్లో మనుషులకి ఉద్యోగాలుంటాయి, చేతులకి మాత్రం పని ఉండదు. వాళ్లు కిటికీలోంచి వాన చూస్తారు, జ్ఞాపకాల్లోకి జారుకుంటారు. ఆ దారిన నువ్వు పోతుంటే చూస్తూ ఊరుకోలేను.

రెండో పేజీలో ఇంజన్ తిరగకపోయినా ఫర్వాలేదనుకుని కొన్నానన్నావు. మరి బండి కిందకి ఎప్పుడు తొంగి చూశావు? పాత డోజర్ కొనేవాణ్ని ముంచేది ఎక్కువగా చైన్లే. చైన్‌ని తిప్పే చక్రం, ఆ స్ప్రాకెట్ పళ్లు అరిగి మొన తేలాయా? చైన్ లింకుల్ని కలిపే పిన్నులు, బుష్‌లు ఒకవైపే అరిగితే వాటిని ఊడదీసి సగం చుట్టు తిప్పి వాడుకోవచ్చు, కానీ ఆ పనికి పిన్నుల్ని నొక్కి ఊడదీసే పెద్ద ప్రెస్ కావాలి. నీకు ప్రెస్ ఎవరిచ్చారు? సీరియల్ నంబరు 5యుతో మొదలవుతుందని రాశావు. అది 1947కీ 1957కీ మధ్య తయారైన బండి అని అక్కడే తేలిపోయింది. గ్రీజు గీకితే కింద పాత పసుపు రంగు కనపడిందన్నది ఇంకా బాగుంది. అయితే ఏ చోట గీకావో రాయి.

ఏ పత్రికకి పంపాలని అడిగావు, ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆరో పేజీ తిరగరాసి పంపు. తుప్పుతో నాన్నగారి పోలిక తీసెయ్యి. ఆయన ఫోన్‌లో ఏమన్నారో గుర్తుంటే అదొక్కటి ఉంచు.

ఇంకొకటి. డోజర్‌ని ఏ వైపు తిప్పాలంటే ఆ వైపు చైన్‌కి స్టీరింగ్ క్లచ్‌తో శక్తి ఆపాలి. పన్నెండో పేజీలో ఎడమ స్టీరింగ్ క్లచ్ ప్లేట్లు తుప్పుతో అతుక్కుపోయి బండి కుడికే తిరుగుతోందని రాశావు. లివర్ వెనక్కి లాగి తాడుతో కట్టేసి రాత్రంతా వదిలేశానన్నావు. ఆ తర్వాత పేజీలో ఏకంగా పెరట్లో మంచు తోస్తున్నావు. తెల్లారి వెళ్లి తాడు విప్పినప్పుడు ఏమైంది?

ఆశీస్సులతో,
మీ నాన్నగారి ఈడువాడు