చలికి చచ్చిన నుసుములు మళ్ళీ ఎక్కడివి?

అన్నా, డిసెంబరులో ఒకసారి పురుగుమందు కొట్టి, మిగిలినవి చలికి అవే పోతాయిలే అని ఊరుకుంటే, ఉగాదికల్లా దేవరకొండలో మీ గొర్రెల చెవుల మీద మళ్ళీ నుసుములు, అదే నెత్తురు తాగే ఆ సన్నటి ఈగలు, వాలుతున్నాయన్నారు. మందు తప్పు కాదు. మీరు కొట్టింది ఎగిరేవాటికి, పిల్లలేమో బురదలో ఉన్నాయి.

మంచు కురిసే స్కాట్లాండులోనూ ఇంతే. పెద్దవి చచ్చిపోతాయి. దారప్పోగులాంటి పిల్ల పురుగులు తడినేలలో చలికాలమంతా గడిపి, వేడి తగిలాక ప్యూపా (గూటి పురుగు) అయి, ఆపైన రెక్కలొచ్చి ఎగురుతాయి. యూరప్‌లో కొన్ని పెద్దవి పశువుల కొట్టాల వెచ్చదనంలో దాక్కుంటాయి కూడా. ఈ నుసుములు కుట్టి గొర్రెలకు అంటించే నీలినాలుక రోగం 2006లో యూరప్ ఉత్తరాన వచ్చి, చలి దాటి 2007లో మళ్ళీ లేచింది. మన నల్లగొండ చలి వాటికో లెక్కా!

మీరు పంపిన ఫోటోలో నీళ్ల తొట్టి కింద నల్లటి బురద, దాంట్లో కలిసిన పెంట ఉంది చూడండి, అదే వాటి పుట్టిల్లు. తొట్టి కారడం ఆపి, చుట్టూ మొరం పోయించండి. పొద్దుగూకకముందే మందను ఆ బురదకు దూరంగా తోలండి. మామూలు దోమతెర దండగ, 1–3 మిల్లీమీటర్ల పురుగు దూరిపోతుంది. నీలినాలుక టీకా మాత్రం వానలకు ముందే వేయించండి, మూతులు వాచాక వేయిస్తే లాభం లేదు.