లెన్స్ డిజైన్‌కి ఏ పుస్తకం? ముందు ఒక్కటే కొనండి

ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయిపోయింది, లెన్స్ డిజైన్ వైపు వెళ్దామనుకుంటున్నాను, చదవాల్సిన పుస్తకాల జాబితా ఇవ్వగలరా అని అడిగారు.

జాబితా ఇవ్వను. ఈపాటికే ఎవరో మీకు డ్రైవ్ లింకు పంపి ఉంటారు. అందులో నలభై పీడీఎఫ్‌లు ఉంటాయి. అన్నీ దించుకుని, 'ఆప్టిక్స్' అని ఫోల్డర్ కట్టి, సగం చదువు అయిపోయినట్టు ఆ రాత్రి హాయిగా పడుకుని ఉంటారు. నేనూ అదే చేశాను. ఆ ఫోల్డర్ నాతో పాటు మూడు ల్యాప్‌టాప్‌లు మారింది. సగం ఫైళ్ళు ఇప్పటికీ తెరవలేదు.

ఒక్క పుస్తకం చెప్తాను. వారెన్ స్మిత్ రాసిన 'మోడర్న్ ఆప్టికల్ ఇంజనీరింగ్'. మొదట అచ్చయింది 1966లో, ఆ తర్వాత కొత్త ఎడిషన్లు వచ్చాయి. ఏది దొరికితే అది కొనండి. కాకపోతే నేను చదివినట్టు మాత్రం చదవకండి.

నేను బాలానగర్ వైపు ఒక చిన్న కంపెనీలో చేరాను. కింద గ్రైండింగ్, పాలిషింగ్ షాపు, మేడ మీద ఆఫీసు. నన్ను తీసుకున్నదే డిజైన్ సాఫ్ట్‌వేర్ వచ్చని. వచ్చు అంటే, నేర్పించే వీడియోలు చూసి మీటలు ఎక్కడున్నాయో తెలుసుకున్నాను, అంతే. స్మిత్ పుస్తకం మొదటి సగం చదివాను. చివర్లో తయారీ గురించీ, టాలరెన్సుల గురించీ (అంటే కొలతలో ఎంత తేడా వరకు ఫర్వాలేదో), లెన్స్‌ని బిగించే పద్ధతుల గురించీ ఒక అధ్యాయం ఉంటుంది. అది వర్క్‌షాపు వాళ్ళ గొడవ, మనకెందుకులే అని వదిలేశాను.

నాకిచ్చిన మొదటి పని 100 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న డబ్లెట్. రెండు గాజులు అతికించిన లెన్స్. రెండెందుకంటారా? బీకే7 అనే క్రౌన్ గాజుతో ఒక్క లెన్స్ చేస్తే నీలం రంగు ఒకచోట, ఎరుపు దానికి ఒకటిన్నర మిల్లీమీటరు అవతల ఫోకస్ అవుతాయి. గాజు రంగుల్ని ఎంత తక్కువ విడదీస్తే అంత పెద్దగా ఉండే అంకెని ఆబే సంఖ్య అంటారు. బీకే7కి అది 64, వందని 64తో భాగిస్తే వచ్చేది అదే. అందుకే దాని వెనక ఎఫ్2 అనే ఫ్లింట్ గాజు పెడతాం. దాని ఆబే సంఖ్య 36. రంగులు కలవాలంటే ముందున్న క్రౌన్ ఒక్కదాని ఫోకల్ లెంగ్త్ 43 మి.మీ. ఉండాలి, వెనకున్న ఫ్లింట్‌ది మైనస్ 76. చూశారా, మనకి కావలసింది వంద, ముందు గాజు మాత్రం 43 అంత బలంగా ఉండాలి. బలం అంటే వంపు. వంపు ఎక్కువైతే ఏమవుతుందో అప్పుడు నా బుర్రకి తట్టలేదు.

సాఫ్ట్‌వేర్‌లో రెండు గంటల్లో తేల్చేశాను. కాంతి పోయే వ్యాసం 25 మి.మీ., క్రౌన్ మధ్యలో మందం 4.5 మి.మీ. కిరణాలు ఫోకస్ దగ్గర ఎక్కడెక్కడ పడతాయో చూపించే స్పాట్ డయాగ్రమ్ ముత్యంలా ఉంది. మౌంట్‌లో కూర్చోడానికి చుట్టూ కాస్త గాజు కావాలి కదా అని డ్రాయింగ్‌లో వ్యాసం 30 వేశాను. మేము లెన్స్ బొమ్మని స్కేల్‌కి గీసేవాళ్ళం కాదు. పట్టికలో అంకెలు, పక్కన లాంఛనంగా ఒక బొమ్మ. సంతకం పెట్టి కిందికి పంపాను.

సాయంత్రం షాపు సూపర్‌వైజర్ పైకొచ్చాడు. చేతులకి సీరియం ఆక్సైడ్ పొడి అంటుకుని ఉంది. ఇటుక రంగులో ఉంటుంది, ఒకసారి అంటుకుంటే చొక్కా వదలదు. డ్రాయింగ్ నా టేబుల్ మీద పెట్టి, అంచు దగ్గర పెన్సిల్‌తో సున్నా చుట్టి అడిగాడు:

"సార్, మీది ముప్పై ఎమ్మెమ్ లెన్సు. ఇరవై ఎనిమిది కాడనే గాజు ఒడిసిపాయె. మిగిలిన రెండు ఎమ్మెమ్ యాడికెల్లి తేవాలె?"

నాకు అర్థం కాలేదు. క్యాలిక్యులేటర్ తీసి ఆయనే చూపించాడు. లెన్స్ ముఖం గోళంలో ముక్క కాబట్టి మధ్య నుంచి అంచుకి వెళ్ళేకొద్దీ గాజు తగ్గుతుంది. ఆ తగ్గేదాన్ని షాపులో సాగ్ అంటారు. 30 మి.మీ. వ్యాసం దగ్గర ముందు వంపు, వెనక వంపు కలిపి 5.2 మి.మీ. తినేస్తాయి. నేనిచ్చిన మందం 4.5. అంటే అంచు మందం సున్నా కంటే తక్కువ. అలాంటి లెన్స్ ఉండదు, రెండు ముఖాలూ 28 దగ్గరే కలుసుకుని కత్తి మొనలా ముగిసిపోతాయి. నా స్క్రీన్ మీద బాగానే కనిపించిందెందుకంటే అది గీసింది 25 వరకే, అక్కడికి ఇంకా 0.9 మి.మీ. గాజు మిగిలే ఉంది.

సాఫ్ట్‌వేర్ ఎందుకు చెప్పలేదంటే, నేను అడగలేదు కాబట్టి. అంచు మందం ఇంతకంటే తగ్గకూడదు అని మెరిట్ ఫంక్షన్‌లో, అంటే సాఫ్ట్‌వేర్‌కి మనమిచ్చే షరతుల పట్టికలో, ఒక లైను రాస్తే చాలు, అది కాపాడేది. ఆ లైను ఉంటుందని కూడా నాకు తెలియదు. మందం 7కి పెంచితే అంచు దగ్గర 1.8 మి.మీ. మిగిలింది. కానీ మందం మారితే మిగతావన్నీ కదులుతాయి. మళ్ళీ ఆప్టిమైజ్ చేశాను, వంపులు కొంచెం మారాయి. మారిన వంపులకి షాపులో టెస్ట్ ప్లేట్లు లేవు! టెస్ట్ ప్లేటు అంటే పాలిష్ చేసిన ముఖం మీద ఆనించి ఫ్రింజులు, అంటే వెలుగు చీకటి చారలు, చూసే కొలత గాజు. ఒక్కో వంపుకి ఒక్కో జత ఉండాలి. కొత్తది చేయించాలంటే డబ్బూ టైమూ రెండూ కావాలి. చివరికి ఆయన బీరువాలో ఉన్న ప్లేట్ల పట్టిక తెచ్చుకుని, వాటికి దగ్గరి వంపులతో మూడోసారి డిజైన్ చేశాను. రెండు గంటల పనికి తొమ్మిది రోజులు పట్టింది.

ఆ సూపర్‌వైజర్ ఏదో మహర్షి అనుకునేరు. వారం పాటు టీ దగ్గర దొరికిన ప్రతివాడికీ ఈ కథ చెప్పాడు. ఉద్యోగం మానేసేవరకూ షాపులో నా పేరు 'ఇరవై ఎనిమిది సార్'.

ఆ రాత్రి వెళ్ళి స్మిత్‌లో నేను వదిలేసిన ఆ అధ్యాయం తీశాను. షాపు వాళ్ళ కష్టం అంతా అందులోనే ఉంది. ఆయన పరిశ్రమలో పనిచేసిన మనిషి, కాబట్టి ఏ గీత ఎవరి ప్రాణం మీదికి తెస్తుందో తెలుసు. అందుకే చెప్తున్నా, ఆ పుస్తకాన్ని వెనక నుంచి చదవండి. ముందు తయారీ అధ్యాయం, తర్వాత మొదటి పేజీ. ఎవరూ ఇలా చెప్పరు, నేను చెప్తున్నా.

ఇక ఇంటర్వ్యూలు. ఏ కంపెనీకి వెళ్ళినా మొదటి ప్రశ్న "ఏ సాఫ్ట్‌వేర్ వచ్చు?" డ్రైవర్ని పెట్టుకునేవాడు నీకు మారుతీ వచ్చా, హ్యుందాయ్ వచ్చా అని అడుగుతాడా? గేరు వేయడం వచ్చో లేదో చూస్తాడు. అంచు మందం లెక్క వేయగలవా అని నన్ను ఇంతవరకు ఒక్కడూ అడగలేదు. అడిగుంటే మొదటి ఉద్యోగం వచ్చేదే కాదు, అది వేరే సంగతి.

రెండో పుస్తకం కూడా కావాలంటే రుడాల్ఫ్ కింగ్‌స్లేక్ 'లెన్స్ డిజైన్ ఫండమెంటల్స్'. 1978లో వచ్చింది, 2010లో బ్యారీ జాన్సన్ దాన్ని సవరించి రెండో ఎడిషన్ తెచ్చారు. కింగ్‌స్లేక్ రోచెస్టర్‌లో పాఠం చెప్పారు, కొడాక్‌లో దశాబ్దాలు లెన్సులు చేశారు. ఆయన పుస్తకంలో నాకు నచ్చేదేమిటంటే అసలు లెన్స్ అంకెలు పెట్టి, లెక్క వేసి, ఇక్కడ తప్పింది, ఇలా సరిచేద్దాం అని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పినట్టు ఉంటుంది.

ఈ కింగ్‌స్లేక్‌కి పిల్లనిచ్చిన మామగారు కాన్రాడీ. లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఆప్టికల్ డిజైన్ చెప్పిన మాస్టారు. ఆయన 'అప్లైడ్ ఆప్టిక్స్ అండ్ ఆప్టికల్ డిజైన్' మొదటి భాగం 1929లో వచ్చింది. రెండో భాగం పూర్తి కాకుండానే పోయారు. అల్లుడే దాన్ని పూర్తిచేసి 1960లో అచ్చు వేయించారు. మామగారు వదిలి వెళ్ళిన పని తలకెత్తుకునే అల్లుళ్ళు మనవైపు ఎంతమంది ఉన్నారో మీరే చెప్పండి. ఆ పుస్తకం మాత్రం ఇప్పుడే ముట్టుకోకండి. లాగ్ టేబుళ్ళతో లెక్కలు వేసే రోజులది, వాక్యాలు గోదావరంత పొడుగు. పదేళ్ళ తర్వాత సరదాకి చదువుకోవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. కోణానికి ప్లస్ ఏది, మైనస్ ఏది అన్న దగ్గర పుస్తకానికో ఆచారం. పాతవాటిలో కిరణం వాలుకి ఒక గుర్తు, కొత్తవాటిలో దానికి తిరగేసి. నేను సూత్రం ఒక పుస్తకంలోంచి, ఉదాహరణ ఇంకో పుస్తకంలోంచి తీసుకుని రెండు రాత్రులు లెక్క వేశాను. లెన్స్ దాటాక దగ్గరికి రావాల్సిన కిరణాలు నా కాగితం మీద విడిపోయి పారిపోయాయి. తప్పు నా బుర్రదే అనుకుని ఏడుపొక్కటే తక్కువ. అందుకే మొదటి ఆర్నెల్లు ఒకే పుస్తకం అంటున్నాను. నలభై పీడీఎఫ్‌ల వాళ్ళకి ఈ బాధ తెలియదు, వాళ్ళు లెక్క వేయరు కాబట్టి.

డబ్బుల్లేవంటే, అమెరికా రక్షణ శాఖ 1962లో తెచ్చిన ఆప్టికల్ డిజైన్ హ్యాండ్‌బుక్ ఉంది. మిల్ హ్యాండ్‌బుక్ 141 అంటారు. ప్రభుత్వ పుస్తకం కాబట్టి ఉచితంగానే దొరుకుతుంది. స్కాన్ కాపీ మసగ్గా ఉంటుంది, సరుకు మాత్రం గట్టిది.

చదువుతూ ఏం చేయాలో కూడా చెప్పాలి కదా. ఎక్సెల్ తీయండి. కిరణం ఒక ముఖం దగ్గర ఎంత వంగుతుంది, తర్వాతి ముఖాన్ని ఎంత ఎత్తులో తాకుతుంది, ఈ రెండు సూత్రాలు చాలు. నేను పైన చెప్పిన డబ్లెట్‌నే వేయండి. తర్వాత కుక్ ట్రిప్లెట్‌కి వెళ్ళండి. ఇంగ్లండ్‌లో యార్క్ ఊళ్ళో డెన్నిస్ టేలర్ 1893లో పేటెంట్ తీసుకున్న డిజైన్ అది. మూడే గాజులు. ఆరు వంపులు, మధ్యలో రెండు ఖాళీలు, మొత్తం ఎనిమిది మీటలు మన చేతిలో ఉంటాయి. సరిచేయాల్సినవీ ఎనిమిదే: సైడెల్ చెప్పిన ఐదు లోపాలు, రంగు లోపాలు రెండు, ఫోకల్ లెంగ్త్ ఒకటి. సరిగ్గా సరిపోయింది, ఒక్కటీ మిగల్లేదు. ఇది మొదటిసారి తెలిసినప్పుడు నేను లేచి వరండాలో రెండు చుట్లు తిరిగొచ్చాను. మీకు ఏమీ అనిపించకపోతే డేటా సైన్స్‌కి వెళ్ళండి, జీతం కూడా ఎక్కువ.

ఎమ్మెస్సీలో చదివిన ఘటక్ గారి 'ఆప్టిక్స్' పనికొస్తుందా అంటారేమో. మంచి పుస్తకం, అమ్మేయకండి. మ్యాట్రిక్స్ పద్ధతి, అబరేషన్ల (లెన్స్ లోపాల) అధ్యాయం మళ్ళీ చదవండి. కానీ దానితో పరీక్ష పాసవుతాం గానీ లెన్స్ రాదు. మన కాలేజీల సంగతి తెలిసిందేగా. ఆప్టిక్స్ అంటే న్యూటన్ రింగులు, స్పెక్ట్రోమీటరు, సీనియర్ రికార్డు చూసి రాసిన రీడింగులు. మా బ్యాచ్‌లో రింగులు కనపడకుండానే అందరికీ సోడియం తరంగదైర్ఘ్యం 5893 ఆంగ్‌స్ట్రామ్‌లు వచ్చింది. ఆ రింగులే షాపులో ఆ సూపర్‌వైజర్ రోజూ చూసే ఫ్రింజులని నాకు ఉద్యోగంలో చేరాక గానీ తెలియలేదు. ఆయన పదో తరగతి తప్పాడు. ఫ్రింజ్ ఎటు వంగిందో చూసి ఎక్కడ ఇంకాస్త రుద్దాలో చెప్పేవాడు.

స్మిత్ కొత్త ఎడిషన్ ధర చూస్తే గుండె ఆగుతుంది. ముందు మీ యూనివర్సిటీ లైబ్రరీలో వెతకండి, పాత ఎడిషన్ దుమ్ము కొట్టుకుని ఉండే అవకాశం ఉంది. సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుందేమోనని కోఠి మాత్రం వెళ్ళకండి. నేను వెళ్ళాను. లెన్సుల పుస్తకం ఉందా అని అడిగితే, ఆ పుస్తకాల కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, రోడ్డుకి అటుపక్క ఉన్న కళ్ళద్దాల షాపు చూపించాడు.