సెకండ్ హ్యాండ్ పీఎస్5 కొనబోయే మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పాత పీఎస్5 (సోనీ వాళ్ల ప్లేస్టేషన్ 5 గేమ్ మెషిన్) బేరం కుదిరిందని మీ అమ్మ చెప్పింది. కొనుక్కో, వద్దనను. ఒంటి మీద గీత లేదు, కొత్తదానిలా మెరుస్తోంది అని మాత్రం పడిపోకు. పైన పటారం, లోన లొటారం సరుకు నా రిపేరు బల్ల మీదికి చాలానే వస్తుంది. ఈ మెషిన్లు ఎక్కువగా పోయేది లోపలి వేడికి, లేదంటే కదిలే భాగాలు అరిగి.

2005లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన గేమ్ మెషిన్ ఎక్స్‌బాక్స్ 360నే చూడు. ఆడితే వేడెక్కడం, ఆపితే చల్లారడం. ఇలా రోజూ జరిగేసరికి చిప్పు కింద సన్నటి అతుకులు చిట్లేవి. పవర్ బటన్ చుట్టూ మూడు ఎర్ర లైట్లు వెలిగాయంటే ఇక అంతే. 2007లో మైక్రోసాఫ్ట్ ఈ లోపానికి వారంటీని మూడేళ్లకు పెంచి, వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టాల్సి వచ్చింది. హీట్ గన్‌తో వేడి గాలి కొట్టి, అతుకులు కరిగించి బతికించిన బోర్డు మళ్లీ ఎప్పుడు పోతుందో చెప్పలేం. అమ్మేవాడు "ఒకసారి బోర్డు రిపేరు చేయించాం" అన్నాడంటే దండం పెట్టి వచ్చెయ్.

మా రోజుల్లో పసుపు క్యాసెట్ల టీవీ గేమ్‌కి ఈ బాధ లేదు. ఫ్యాన్ లేదు, డిస్కు లేదు, పాడవడానికి లోపల పెద్దగా ఏమీ లేదు. (క్యాసెట్‌లోకి ఉఫ్‌మని ఊదేవాళ్లం. నోటి తేమకి పిన్నులు తుప్పు పట్టడం తప్ప దానివల్ల ఒరిగిందేమీ లేదు.)

నువ్వు చూడాల్సింది చెప్తాను. బరువైన గేమ్ పెట్టి గంటసేపు ఆడు. వెనక వేడి గాలి ధారాళంగా వస్తే మంచిదే. ఫ్యాన్ హోరెత్తుతున్నా గాలి రాకపోతే లోపల దుమ్ము పట్టేసినట్టు. డిస్కు నాలుగుసార్లు పెట్టి తీయి. 2023కి ముందు వచ్చిన మోడళ్లలో డిస్కు డ్రైవ్ లోపలి చిన్న బోర్డు ఆ మెషిన్‌కే ముడిపడి ఉంటుంది, బోర్డుతో సహా వేరే డ్రైవ్ తెచ్చి బిగించినా డిస్కు చదవదు. అక్కడ తేడా కొడితే బేరమే వద్దు. కంట్రోలర్ స్టిక్ వదిలేశాక కూడా గేమ్‌లో బొమ్మ తనంతట తనే నడుస్తోందా, అది డ్రిఫ్ట్. స్టిక్ లోపలి కార్బన్ పూత రాపిడికి అరగడం వల్ల వస్తుంది. నింటెండో కంపెనీ గేమ్ మెషిన్ స్విచ్‌కీ ఇదే తలనొప్పి, 2020లో వాళ్ల ప్రెసిడెంటే క్షమాపణ చెప్పాడు. కంట్రోలర్ మార్చుకోవచ్చు కాబట్టి ఆ మేరకు రేటు తగ్గించమను.

కొన్నాక అద్దాల టీవీ స్టాండులో పెట్టి తలుపులు మూయకు. పక్క ప్లేట్లు చేత్తోనే ఊడతాయి, లోపల దుమ్ము పట్టే రెండు రంధ్రాలుంటాయి. అప్పుడప్పుడు వాక్యూమ్ పెట్టు. అంతకు మించి విప్పకు. చిప్పు మీద వేడి లాగడానికి పూసిన లిక్విడ్ మెటల్ (ద్రవ లోహం) ఉంటుంది, అది బోర్డు మీదికి జారితే షార్టే.

శనివారం సాయంత్రం షాపులోనే ఉంటాను. అమ్మేవాణ్ణి మెషిన్, బిల్లు తీసుకుని అక్కడికే రమ్మను. రానంటే ఇంకోటి చూద్దాం.

మామయ్య