ముందు చేదుదాన్ని గుర్తుపట్టు

చిరంజీవి కిరణ్‌కు, మావయ్య ఆశీస్సులు.

శనివారం ఆఫీసు స్నేహితులతో జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ అడవికి పుట్టగొడుగులు ఏరడానికి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. అక్కడ అందరూ నీకు ష్టైన్‌పిల్ట్స్ అనే రుచికరమైన పుట్టగొడుగును చూపిస్తారు. నువ్వు మాత్రం అచ్చం దానిలాగే ఉండే గాలెన్‌రోర్లింగ్‌ని ముందు నేర్చుకో. అది ప్రాణం తీసే రకం కాదు, కానీ దాని ముందు కాకరకాయ ఎంతో నయం. ఒక్కటి కలిసినా కూరంతా పారబోయాల్సిందే. ఎంత వేయించినా ఆ చేదు పోదు.

రెండూ స్ప్రూస్ అనే సూదిలాంటి ఆకుల చెట్ల కింద మొలుస్తాయి. గోధుమరంగు టోపీ, లావుపాటి కాడ, టోపీ అడుగున రేకులకు బదులు స్పాంజిలా సన్నని రంధ్రాలు. ముదిరితే తేడా తెలుస్తుంది: ష్టైన్‌పిల్ట్స్ అడుగుభాగం పసుపుపచ్చకు, ఆపైన ఆకుపచ్చకు తిరుగుతుంది. గాలెన్‌రోర్లింగ్‌ది గులాబీ రంగుకు తిరుగుతుంది. లేతగా ఉన్నప్పుడు రెండూ తెలుపే, అందుకే కాడ చూడమంటాను. ష్టైన్‌పిల్ట్స్ కాడ పైభాగంలో సన్నటి తెల్లని వల అల్లుకుని ఉంటుంది. చేదుదాని వల ముదురు గోధుమరంగు, పెద్ద కళ్లతో ఉంటుంది. వెలుతురులో తిప్పి చూడు, తొందరపడకు.

ఇంకా అనుమానముంటే గోరంత ముక్క నాలుక కొసకు తాకించి ఉమ్మేస్తారు. కానీ కిరణ్, ఇది అడుగున స్పాంజి ఉన్నవాటికే. అందులోనూ రంధ్రాలు ఎర్రగా ఉంటే వద్దు. రేకులున్న వాటిని నోటి దగ్గరికే రానీయకు. మన వరిగడ్డి పుట్టగొడుగు అనుకుని డెత్ క్యాప్ అనే ప్రాణం తీసే విషపు పుట్టగొడుగును తిన్నవాళ్లు ఉన్నారు. లేతప్పుడు రెండూ గుడ్డులాంటి తొడుగులో ఉంటాయి మరి. తిన్నాక 6 గంటలు, ఒక్కోసారి 12 గంటలు దాటినా ఏమీ తెలియదు. ఈలోపు లివర్ దెబ్బతినడం మొదలైపోతుంది. వాంతులు తగ్గి హాయిగా అనిపించినా హాస్పిటల్‌కి వెళ్లాల్సిందే.

చేదువి కనిపిస్తే పీకి పారేయకు, చెట్ల వేళ్లతో కలిసి బతికేవి అవి. ప్లాస్టిక్ సంచి వద్దు, గాలాడక కుళ్లిపోతాయి, బుట్ట తీసుకెళ్లు. మొదట్లో దేన్నీ మధ్యకు కోయకు, మొదలుతో సహా మెల్లగా తిప్పి తియ్యి. సీజన్‌లో చాలా ఊళ్లలో పుట్టగొడుగులు చూసి చెప్పే నిపుణులు ఉంటారు. బుట్ట వాళ్ల ముందు పెట్టాకే పొయ్యి వెలిగించు.

మీ మావయ్య