బుధుడి కంటే శుక్రుడు ఎందుకు వేడి?

సూర్యుడికి దగ్గరగా ఉన్నది బుధుడు కదా, మరి అన్నిటికంటే వేడి గ్రహం శుక్రుడని పుస్తకంలో ఎందుకుంది అని అడిగారు. దూరం ఒక్కటే చూస్తే అయోమయంగానే ఉంటుందండీ. సూర్యుడి నుంచి ఎంత వేడి వస్తోందో చూస్తే సరిపోదు, వచ్చినది ఎంత తేలిగ్గా బయటికి పోతోందో కూడా చూడాలి.

నేను విజయవాడ సత్యనారాయణపురంలో హైస్కూల్ పిల్లలకు ట్యూషన్ చెబుతాను. ఈ పాఠం వచ్చినప్పుడు ముందు మన మే నెల రాత్రుల గురించే అడుగుతాను. డాబా మీద పడుకునే పిల్లలు టక్కున చెప్పేస్తారు: ఆకాశం తేటగా ఉంటే తెల్లవారుజాముకైనా కాస్త చల్లబడుతుంది, అదే మబ్బు కమ్మి గాలి ఆడకపోతే తెల్లవార్లూ ఒకటే ఉక్కపోత. పగలంతా కాగిన నేలా గోడలూ రాత్రి కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా వేడిని పైకి వదులుతుంటాయి, మబ్బులూ గాలిలో తేమా అందులో చాలా భాగాన్ని పట్టుకుని మళ్లీ కిందికి పంపిస్తాయి.

శుక్రుడి మీద ఈ పని ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్ చేస్తుంది. వాతావరణంలో 96 శాతం అదే, పైగా నేల దగ్గర పీడనం మన దగ్గర ఉన్నదానికి 90 రెట్లు. అందుకే అక్కడ సుమారు 465 డిగ్రీలు, సీసం కరిగిపోయేంత వేడి, రాత్రయినా పెద్దగా తగ్గదు. నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే విషయం ఇంకొకటుంది: శుక్రుడి మేఘాలు తమ మీద పడే ఎండలో ముప్పాతిక భాగాన్ని వెనక్కి కొట్టేస్తాయి, అంటే ఆ గ్రహం గ్రహించే ఎండ మన భూమి గ్రహించే దానికంటే తక్కువే! అయినా 1982లో అక్కడ దిగిన సోవియట్ నౌక వెనెరా 13 ఆ వేడిలో, ఆ ఒత్తిడిలో 127 నిమిషాలే పనిచేయగలిగింది.

బుధుడికి వాతావరణం లేనట్టే లెక్క. పగలు 430 డిగ్రీల దాకా కాగుతుంది, రాత్రికి మైనస్ 180కి పడిపోతుంది, పైగా అక్కడ ఒక్క రాత్రి అంటే మన 88 రోజులు. ధ్రువాల దగ్గర ఎండ ఎప్పుడూ తగలని గోతుల్లో మంచు కూడా ఉంది.

ఇది చెప్పగానే పిల్లలెవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, కుజుడి మీదా 95 శాతం కార్బన్ డయాక్సైడే కదా సార్, మరి అదెందుకు గడ్డకట్టుకుపోతోంది అని. చాలా మంచి ప్రశ్న. శాతం ఎక్కువే గానీ అక్కడ మొత్తం గాలే అతి పలచన, పీడనం మన దాంట్లో ఒక శాతం కూడా లేదు. అందుకే సగటున మైనస్ 60కి కిందే.

గురుడి నుంచి అవతలికి దూరం ప్రభావం బాగా కనిపిస్తుంది, అక్కడా ఒక మెలిక ఉంది. యురేనస్ 290 కోట్ల కిలోమీటర్ల దూరంలో, నెప్ట్యూన్ 450 కోట్ల దూరంలో ఉన్నా చల్లదనంలో రెండూ దాదాపు సమానమే, ఇంకా మాట్లాడితే మైనస్ 224 అనే అతి తక్కువ లెక్క యురేనస్‌దే. నెప్ట్యూన్ సూర్యుడి నుంచి పొందేదానికి రెండున్నర రెట్లకు పైగా వేడిని బయటికి వదులుతోంది, ఆ అదనపు వేడి దాని లోపలి నుంచి వచ్చేదే. యురేనస్ నుంచి అలా వచ్చేది చాలా తక్కువ, ఎందుకన్నది శాస్త్రవేత్తల మధ్య ఇంకా తేలలేదు.