తూనీగ కారు బానెట్‌ మీద తోక ఎందుకు కొడుతుంది?

వానలు పడ్డాక మియాపూర్‌లో మా పార్కింగ్‌లోని నల్ల కారు మీద ఒక తూనీగ పదేపదే తోక తాకిస్తోంది, ఎందుకు అని అడిగారు కదా. గుడ్లు పెడుతోందండీ. నున్నటి పెయింటు మీంచి వచ్చే ధ్రువిత కాంతి (ఒకే దిశలో కంపించే కాంతి) దాని కళ్ళకు నీటి మెరుపులాగే కనిపిస్తుంది. మీ కారు దానికి చెరువన్నమాట! ఆ గుడ్లు ఎండకు మాడిపోతాయి, పాపం.

మీరు చూసింది బంగారు పసుపు రంగుదైతే బహుశా పాంటలా ఫ్లావెసెన్స్ అనే జాతి. లిబెల్లులిడే అనే తూనీగల కుటుంబానిది. ఈ కుటుంబంలో దాదాపు వెయ్యి జాతులున్నాయి.

సరైన చోట, అంటే వాన నీటి గుంటలో పెడితే, కొద్ది రోజుల్లో గుడ్డు పగిలి పిల్ల బయటికొస్తుంది. అసలు వింత ఇక్కడే. పిల్ల ఊపిరి తీసుకునేది వెనక ద్వారం లోపలి మొప్పలతో. బెదిరితే అలా లోపలికి తీసుకున్న నీటినే ఫెళ్ళున వెనక్కి చిమ్మి ముందుకు దూసుకుపోతుంది. కింది పెదవి మడతపెట్టిన చెయ్యిలా ఉంటుంది. దోమపిల్ల దగ్గరికొస్తే చటుక్కున చాచి పట్టేస్తుంది.

సీతాకోకచిలుకలా ప్యూపా దశ లేదు. ఈ జాతి పిల్ల ఒకటిన్నర, రెండు నెలల్లోనే ఎదిగి గడ్డిపరక ఎక్కుతుంది, వీపు చీలుతుంది, రెక్కల తూనీగ బయటపడుతుంది. గుంట ఎండేలోపే పని ముగించుకోవాలిగా! అమీన్‌పూర్ చెరువు గట్టున వెతికితే ఖాళీ కుబుసాలు దొరకొచ్చు. ఈ జాతి తూనీగలే హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా దాకా వలస పోతాయి.