యూరప్ పార్లమెంటు మీద రీసెర్చ్: దీనికి పొలం అమ్మక్కర్లేదు

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. అమ్మాయి ఇంటర్‌లో సీఈసీ చదివి, ఇప్పుడు హైదరాబాద్‌లో బీఏ పొలిటికల్ సైన్స్ ఫైనలియర్‌లో ఉంది. గ్రూప్-1కి ప్రిపేర్ అవుతుందనుకుంటే, యూరప్‌లోని పార్టీలు, పార్లమెంట్ల మీద రీసెర్చ్ చేస్తానంటోంది. అక్కడ ఏడాది మాస్టర్స్‌కి పాతిక లక్షలు అవుతుందని కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పారు. అంత డబ్బు కావాలంటే పొలం అమ్మాలి. మన రాజకీయాలు వదిలేసి వాళ్ళ రాజకీయాలు చదివితే ఉద్యోగం ఎవరిస్తారు? అమ్మాయి మనసు ఎలా మార్చాలో చెప్పండి.

జవాబు: పొలం అమ్మకండి. అమ్మాయి మనసు మార్చే ప్రయత్నమూ చేయకండి. ఈ చదువును సొంత డబ్బు పెట్టకుండా చదవడానికి దారులున్నాయి. కాకపోతే కాస్త ఆలస్యమవుతుంది, కష్టం కూడా ఎక్కువ.

ముందు అసలు ఆ సబ్జెక్టులో ఏముందో చెబుతాను. యూరోపియన్ యూనియన్‌లో 27 దేశాలున్నాయి. ఆ దేశాల ప్రజలు ఐదేళ్ళకోసారి నేరుగా ఓటేసి ఒక ఉమ్మడి పార్లమెంటును ఎన్నుకుంటారు. 1979 నుంచి ఇలా జరుగుతోంది. ఇప్పుడు అందులో 720 మంది సభ్యులు. వాళ్ళు దేశాలవారీగా కూర్చోరు, పార్టీ గ్రూపులవారీగా కూర్చుంటారు. గ్రూపు కట్టాలంటే కనీసం 23 మంది ఉండాలి, వాళ్ళు కనీసం ఏడు దేశాల నుంచి రావాలి.

ఆ పార్లమెంటు చేసే చట్టాలు మన దాకా వస్తాయి. 2020 తర్వాత అడవి నరికిన నేలలో పండిన కాఫీ, కోకో, పామాయిల్ లాంటివి తమ మార్కెట్లోకి రాకూడదని 2023లో యూనియన్ ఒక చట్టం చేసింది. అరకు కాఫీ యూరప్‌కి వెళ్ళాలంటే గింజ ఏ తోటలో పండిందో లొకేషన్‌తో సహా చూపించాలన్నమాట. దాని అమలును ఏడాది వాయిదా వేయాలా వద్దా అని 2024 నవంబరు 14న ఓటింగ్ జరిగింది. అనుకూలంగా 371, వ్యతిరేకంగా 240, తటస్థంగా 30. అదే రోజు చట్టాన్ని సడలించే సవరణలు కొన్ని నెగ్గాయి. వాటిని తెచ్చింది అన్నిటికంటే పెద్ద గ్రూపు, యూరోపియన్ పీపుల్స్ పార్టీ. ఆ గ్రూపు మామూలుగా సోషలిస్టులతో, లిబరల్స్‌తో సర్దుకుపోతూ చట్టాలు పాస్ చేయించుకుంటుంది. ఆ రోజు మాత్రం తనకంటే కుడివైపు ఉన్న గ్రూపుల ఓట్లతో నెట్టుకొచ్చింది. తర్వాత సభ్యదేశాల ప్రభుత్వాలతో జరిగిన చర్చల్లో ఆ సవరణలు ఎగిరిపోయాయి, వాయిదా ఒక్కటే మిగిలింది.

ఇక్కడే రీసెర్చ్ మొదలవుతుంది. పెద్ద గ్రూపు ఏ విషయాల్లో ఎటు మొగ్గుతుంది? సొంత దేశంలో ఎన్నికలు దగ్గరపడితే సభ్యులు గ్రూపు గీత దాటుతారా? మీ అమ్మాయి అడగబోయేది ఇలాంటి ప్రశ్నలే.

ఇవే ప్రశ్నలు మన లోక్‌సభ గురించి అడిగితే జవాబు దొరకడం కష్టం. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక, విప్ ధిక్కరిస్తే సీటే పోయే పరిస్థితి. పైగా మన బిల్లులు చాలావరకు మూజువాణి ఓటుతో అయిపోతాయి. అక్కడ గ్రూపు తన లైన్ ఏమిటో చెబుతుందే తప్ప, దాటినవాడి సీటు లాక్కోలేదు. పైగా చట్టాల మీద తుది ఓటింగ్‌లో ఎవరు ఎటు వేశారో పేరుపేరునా రికార్డవుతుంది, ఎవరైనా దించుకోవచ్చు. సైమన్ హిక్స్, అబ్దుల్ నూరీ, జెరార్ రోలాండ్ అనే ముగ్గురు పరిశోధకులు ఆ ఓట్లన్నీ పోగేసి లెక్కగట్టి, సభ్యులు ఓటేసేటప్పుడు దేశం కంటే పార్టీ గ్రూపునే ఎక్కువగా చూసుకుంటున్నారని తేల్చారు. జర్మన్లు ఒకవైపు, ఫ్రెంచివాళ్ళు ఒకవైపు అని చీలిపోతారనుకునేవాళ్ళకి అది పెద్ద జవాబు.

"మన రాజకీయాలు వదిలేసి" అని రాశారు. వదలక్కర్లేదండీ. 1980లో కార్ల్‌హైన్జ్ రైఫ్, హెర్మన్ ష్మిట్ అనే పరిశోధకులు ఒక మాట చెప్పారు. యూరప్ పార్లమెంటు ఎన్నికను జనం రెండో శ్రేణి ఎన్నికగా, అంటే అంత ముఖ్యం కానిదిగా చూస్తారని, పోలింగ్ తగ్గుతుందని, సొంత దేశంలో పాలకపక్షం మీదున్న కోపం అక్కడ తీర్చుకుంటారని. ఇప్పుడు మన దగ్గరికి రండి. 2018 డిసెంబరులో తెలంగాణలో టీఆర్ఎస్‌కి 119లో 88 సీట్లు వచ్చాయి. నాలుగు నెలలు తిరిగేసరికి లోక్‌సభ ఎన్నికల్లో 17లో 9 దగ్గర ఆగిపోయింది. బీజేపీకి 4, కాంగ్రెస్‌కి 3 వెళ్ళాయి. ఆంధ్రలో రెండు ఎన్నికలూ 2019 ఏప్రిల్ 11న ఒకే రోజు జరిగాయి. వైసీపీకి అసెంబ్లీలో 175కి 151, లోక్‌సభలో 25కి 22. 2014 దాకా రెండూ ఒకే రాష్ట్రం. ఒకచోట ఎన్నికలు విడివిడిగా, ఇంకోచోట కలిపి. మరి మన ఓటరుకి రెండో శ్రేణి ఎన్నిక ఏది, అసెంబ్లీయా, లోక్‌సభా? జమిలి ఎన్నికల మీద ఇంత గొడవ జరుగుతున్నప్పుడు ఈ ప్రశ్నను అంకెలతో తేల్చగలిగినవాళ్ళు మనకు చాలా అవసరం. ఆ పద్ధతి యూరప్ మీద నేర్చుకుని ఖమ్మం మీద వాడొచ్చు.

ఇక ఉద్యోగం సంగతి. ఇక్కడ ఆశలు పెంచి పంపించడం నాకిష్టం లేదు. బ్రస్సెల్స్‌లో యూనియన్ ఆఫీసుల్లో పర్మనెంట్ ఉద్యోగానికి సాధారణంగా ఏదో ఒక సభ్యదేశ పౌరసత్వం ఉండాలి. యూరప్ కమిషన్ ఇచ్చే బ్లూబుక్ ట్రైనీషిప్‌లో బయటి దేశాలవారికి కొద్ది సీట్లే ఉంటాయి. యూనివర్సిటీ పోస్టులు అక్కడా తక్కువే, ఇక్కడా తక్కువే. పీహెచ్‌డీ తర్వాత కొన్నేళ్ళు టెంపరరీ పోస్టుల్లో నెట్టుకురావాల్సి రావొచ్చు. ఇది అమ్మాయికి ఇప్పుడే తెలియాలి.

మరో పక్క చూస్తే, ఇండియా–యూరప్ వాణిజ్య ఒప్పందం చర్చలు 2007లో మొదలై, 2013లో ఆగి, 2022లో మళ్ళీ కదిలాయి. అలాంటి ఏ ఒప్పందమైనా యూరప్ పార్లమెంటు ఆమోదం లేకుండా అమల్లో నిలబడదు. అక్కడ ఎవరు ఎందుకు అడ్డుపడతారో చెప్పగలిగిన మనిషి పరిశ్రమల సంఘాలకి, థింక్‌ట్యాంకులకి పనికొస్తారు. ఢిల్లీలో పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ వాళ్ళు ల్యాంప్ ఫెలోషిప్ కింద కుర్రవాళ్ళని ఒక్కో ఎంపీ దగ్గర పెట్టి పని నేర్పిస్తారు. సర్వే డేటా చూడగలిగితే, ఎన్నికల సర్వేలు చేసే లోక్‌నీతి లాంటి చోట్ల చేసే పని ఉంది. మీకున్న గ్రూప్-1, సివిల్స్ ఆశ కూడా పూర్తిగా పోదు. యూపీఎస్సీ పొలిటికల్ సైన్స్ ఆప్షనల్‌లో తులనాత్మక రాజకీయాలు ఉన్నాయి, యూరోపియన్ యూనియన్ కూడా ఉంది.

నాకు నిజంగా టెన్షన్ పెట్టేది వేరే విషయం. అమ్మాయి సీఈసీ. అంటే పదో తరగతి తర్వాత లెక్కలు ముట్టుకుని ఉండదు. ఈ రంగంలో ఇవాళ స్టాటిస్టిక్స్ రాకపోతే మంచి యూనివర్సిటీలో పీహెచ్‌డీ సీటు దాదాపు రాదు. పార్టీల మేనిఫెస్టోలను వాక్యం వాక్యం కోడ్ చేసిన మేనిఫెస్టో ప్రాజెక్ట్ డేటా బెర్లిన్ నుంచి వస్తుంది. ఏ పార్టీ యూరప్ ఏకీకరణకి ఎంత అనుకూలమో నిపుణులు మార్కులేసే చాపెల్ హిల్ సర్వే ఉంది. రెండూ ఉచితమే. వాటిని తెరిచి చదవాలంటే మాత్రం రిగ్రెషన్, అంటే ఒకటి మారితే ఇంకోటి ఎంత మారుతుందో లెక్కగట్టే పద్ధతి, అర్థం కావాలి, ఆర్ అనే సాఫ్ట్‌వేర్ రావాలి. అది కూడా ఉచితమే. భయపడేంత కష్టం కాదు. సగటు, శాతం, గ్రాఫు అర్థమైన పిల్ల రోజుకో గంట చొప్పున ఏడాది కూర్చుంటే పట్టు దొరుకుతుంది. స్వయం పోర్టల్‌లో కోర్సులున్నాయి. ఆర్ట్స్ గ్రూప్ కదా, లెక్కలెందుకులే అని ఎవరైనా అంటే విననివ్వకండి.

డబ్బు విషయానికొస్తే, నా సలహా ఇక్కడే ఎంఏ చేయించమని. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, జేఎన్‌యూ రెండింటికీ సీయూఈటీ పీజీ రాయాలి. ఫీజులు మీకు బరువు కావు. జేఎన్‌యూలో యూరోపియన్ స్టడీస్‌కి ప్రత్యేకంగా ఒక సెంటరే ఉంది. ఎంఏలో ఉండగానే నెట్ రాయొచ్చు. అందులో జేఆర్ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే, ఇక్కడే పీహెచ్‌డీ చేసినా మొదటి రెండేళ్ళు నెలకి 37,000 రూపాయలు వస్తాయి.

తర్వాత యూరప్. జర్మనీ, నెదర్లాండ్స్, నార్వే, స్వీడన్, డెన్మార్క్‌లలో పీహెచ్‌డీ చాలాచోట్ల ఉద్యోగం లాంటిది. ఫీజు కట్టడం ఉండదు, జీతం వాళ్ళే ఇస్తారు. ప్రకటన పడుతుంది, అప్లై చేయాలి, ఇంటర్వ్యూ ఉంటుంది. జర్మనీలోని మాన్‌హైమ్ యూనివర్సిటీ, నార్వే రాజధాని ఓస్లోలోని అరీనా సెంటర్, ఇటలీలో ఫ్లోరెన్స్ పక్కన ఫియెసోలేలో ఉన్న యూరోపియన్ యూనివర్సిటీ ఇన్‌స్టిట్యూట్ ఈ రంగంలో పేరున్నవి. పోటీ గట్టిగా ఉంటుంది, మొదటి ఏడాదే రాకపోవచ్చు. మాస్టర్స్ కూడా అక్కడే చేయాలని అమ్మాయి పట్టుబడితే యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండుస్ స్కాలర్‌షిప్‌కి వేయించండి. నెలకి 1,400 యూరోలు ఇస్తారు, ఫీజూ వాళ్ళే చూసుకుంటారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కుటుంబమైతే రాష్ట్ర ప్రభుత్వ ఓవర్సీస్ స్కీముల కింద 20 లక్షల దాకా వస్తుంది. ఆదాయ పరిమితి, దేశాల జాబితా నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఇవేవీ రాకుండా సొంత డబ్బుతో మాత్రం వద్దు. ఈ చదువుకి వచ్చే జీతాలతో పాతిక లక్షలు తీర్చడం అమ్మాయికి నరకమవుతుంది.

భాష కూడా ఒకటి నేర్చుకోవాలి. పీహెచ్‌డీ ఇంగ్లిష్‌లో చేయొచ్చు గానీ, జర్మన్ పార్లమెంటు చర్చలు చదవాలంటే జర్మన్ రావాలి. హైదరాబాద్‌లోనే గోథే సెంటర్, అలయన్స్ ఫ్రాన్సేజ్, ఇఫ్లూ ఉన్నాయి. ఉన్న ఊళ్ళోనే మొదలుపెట్టొచ్చు.

చివరగా ఒక పని. ఫైనల్ పరీక్షలయ్యాక అమ్మాయిని రెండు నెలలు ఇంటి దగ్గర కూర్చోబెట్టండి. 2018, 2019ల్లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని అసెంబ్లీ సెగ్మెంట్లవారీగా ఓట్లు ఎన్నికల సంఘం వెబ్‌సైట్ నుంచి దించుకుని, ఏ పార్టీ ఓటు ఎక్కడికి జారిందో పది పేజీలు రాయమనండి. ఎవరూ అడక్కుండా, మార్కులు రాకుండా ఆ పది పేజీలు పూర్తి చేస్తే ఈ రంగం ఆమెకి సరిపోతుంది. అప్లికేషన్‌లో చూపించడానికి ఒక రాత కూడా చేతికొస్తుంది. రెండో వారానికే విసుగొస్తే ఎంఏ మాత్రం చేసి గ్రూప్-1 వైపు వెళ్ళనివ్వండి. కన్సల్టెన్సీకి అడ్వాన్స్ కట్టి ఉంటే వెనక్కి అడగండి. సీయూఈటీ పీజీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో మీరూ ఒక కన్నేసి ఉంచండి.